తిరుపతిలో తాళం వేసిన ఇల్లు: బాడుగకా, లీజుకా, యాత్రికులకా, అమ్మకానికా?

తిరుపతిలో బాడుగ ఇంటి కోసం తిరిగేవాళ్ళకూ, తాళం వేసిన ఇంటికీ మధ్య చాలాసార్లు ఒక గోడే అడ్డం. రాత్రి ఎనిమిదింటప్పుడు ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క అపార్ట్‌మెంట్ల కేసి తలెత్తి చూడండి, లైటు వెలగని కిటికీలు వరసగా కనిపిస్తాయి. అదే టైముకు కింద వాచ్‌మన్‌ను ఎవరో ఒకరు "ఏమన్నా ఖాళీ ఉందా అన్నా?" అని అడుగుతుంటారు. అతను లేదంటాడు. అబద్ధమేం కాదు. ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి గానీ బాడుగకు లేవు.

ఇది మన ఊరి కథ ఒక్కటే కాదు. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాల్లోనే కోటికి పైగా ఇళ్ళు ఖాళీగా తేలాయి. ఆ మరుసటి ఏడే కేంద్రం వేసిన నిపుణుల బృందం పట్టణాల్లో దాదాపు 1.88 కోట్ల ఇళ్ళు తక్కువున్నాయని చెప్పింది. ఆ కొరతలో ఎక్కువ భాగం నిలువ నీడ లేనివాళ్ళది కాదు, ఇరుకిళ్ళలో ఒకరి మీద ఒకరు పడి సర్దుకుంటున్నవాళ్ళది. 2017-18 ఆర్థిక సర్వే పట్టణాల ఇళ్ళలో సుమారు 12 శాతం ఖాళీగా ఉన్నాయంటూ కారణాలు కూడా చెప్పింది: ఆస్తి హక్కుల్లో గజిబిజి, రాసుకున్న ఒప్పందాలు అమలవుతాయన్న నమ్మకం లేకపోవడం, ఇంటి ధరతో పోలిస్తే బాడుగ మరీ తక్కువగా రావడం.

తిరుపతికి వచ్చేసరికి ఇంకో కారణం కలుస్తుంది. బెంగళూరులోనో చెన్నైలోనో స్థిరపడినవాళ్ళు, అమెరికాలో పిల్లలున్నవాళ్ళు "దర్శనానికి వచ్చినప్పుడు దిగడానికి మనకంటూ ఒక చోటుండాలి" అని ఇక్కడ ఫ్లాటు కొంటారు. ఏడాది మొత్తమ్మీద పట్టుమని పది రోజులుంటారేమో. మిగతా రోజులు ఆ ఫ్లాటులో ఉండేది స్వామి పటం, చుట్టిపెట్టిన పరుపు. తప్పని అనడం లేదు, ఈ ఊరి మీద మమకారం అలాంటిది. కానీ దానికి నెలనెలా ఖర్చుంది. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత వీధుల్లో సంగతి వేరు. అక్కడ తాళానికి కారణం మమకారం కాదు, అన్నదమ్ముల పంచాయితీ.

అలాంటి తాళం చెవి చేతిలో ఉండి ఎటూ తేల్చుకోలేనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మా బంధువుల ఇళ్ళ తాళాలు ఎప్పుడూ రెండు మూడు మా ఇంట్లో కొక్కేనికి వేలాడుతుంటాయి కాబట్టి, లాభనష్టాలు కొంత దగ్గరగా చూశాను.

ముందు కాగితాలు

ఏ దారి పట్టాలన్నా మొదటి ప్రశ్న ఒకటే. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? తాత పోయి ఇరవై ఏళ్ళయినా తాత పేరు మీదే ఇంటిపన్ను కడుతున్న కుటుంబాలు మనలో బోలెడు. పన్ను రసీదు చేతిలో ఉంటే ఇల్లు మనదేనన్న ధీమాలో ఉంటాం. అమ్మాలన్నప్పుడో, బ్యాంకు లోను కోసమో వెళ్తే అసలు సంగతి బయటపడుతుంది. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, వారసుల సర్టిఫికెట్ తెచ్చుకోండి, కార్పొరేషన్ రికార్డుల్లో పేరు మార్పించండి. ఇవి లేకుండా కింద చెప్పే దారుల్లో సగం మూసుకుపోయినట్టే.

అక్కచెల్లెళ్ళ సంతకం దగ్గర చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. "వాళ్ళకు పెళ్ళిళ్ళు చేసేశాం కదా" అనే మాట చట్టం ముందు నిలవదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు వాటా అని ఆంధ్రప్రదేశ్ దేశం కంటే ముందే, 1985 నాటికే చెప్పింది, అప్పటికి పెళ్ళి కానివాళ్ళకు మాత్రమే. 2005లో కేంద్ర సవరణ పెళ్ళయినవాళ్ళకూ కొడుకులతో సమానంగా హక్కిచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నది అడ్డం కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కాబట్టి అక్క సంతకం లేకుండా అమ్మిన ఇల్లు, కొన్నవాడికీ అమ్మినవాడికీ కూడా తలనొప్పే.

వాటాల గొడవ తెగలేదనుకోండి. తాళం వేసి కూర్చోవడం కంటే, అందరూ కలిసి ఒక కాగితం రాసుకుని ఇల్లు బాడుగకిచ్చి, ఆ డబ్బు ఒక ఉమ్మడి అకౌంటులో పడేలా చేసుకోవచ్చు. బాడుగకిచ్చినంత మాత్రాన ఎవరి వాటా పోదని ఆ కాగితంలోనే రాసుకుంటే సరి. గొడవ ఎన్నేళ్ళు సాగినా ఇల్లు కూలిపోదు, అకౌంటులో ఇంటిపన్నుకూ రిపేర్లకూ డబ్బుంటుంది. ఎందుకో మనవాళ్ళు ఇది చేయరు. అన్నకు రూపాయి వస్తుందేమోనని తనకు వచ్చే రూపాయి కూడా వదులుకునేవాళ్ళున్నారు!

విదేశాల్లో ఉన్నవాళ్ళు ఇక్కడ ఒకరికి జీపీఏ (తమ తరఫున పనులు చేసే అధికార పత్రం) ఇవ్వక తప్పదు. ఇండియన్ కాన్సులేట్‌లో సంతకం చేసి పంపిన పత్రానికి ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి, ఈ గడువు చాలామంది మర్చిపోతారు. అందులో బాడుగకిచ్చే, బిల్లులు కట్టే, అవసరమైతే కోర్టుకు వెళ్ళే అధికారాలు మాత్రం రాయించండి. తమ్ముడే అయినా, బావమరిదే అయినా, అమ్మే అధికారం అదే పత్రంలో కలపకండి.

పన్నెండేళ్ళ భయం

"బాడుగకిస్తే మళ్ళీ లేపలేమబ్బా, పన్నెండేళ్ళుంటే ఇల్లు వాళ్ళదే." ఈ మాట వినని ఇంటి ఓనరు ఉండడు. ఇళ్ళకు తాళాలు పడటానికి పెద్ద కారణం ఈ మాటే. అది సగం తప్పు, ఆ సగమే అసలైన సగం.

పన్నెండేళ్ళ లెక్క వర్తించేది హక్కే లేకుండా వచ్చి, ఓనరును కాదని, బహిరంగంగా అనుభవిస్తున్నవాడికి. బాడుగకు ఉన్నవాడు ఓనరు అనుమతితో ఉన్నాడు, నెలనెలా బాడుగ కడుతూ ఓనరు హక్కును ఒప్పుకుంటున్నాడు. ఎన్నేళ్ళున్నా ఆ లెక్కతో ఇల్లు అతనిది కాదు. ఆ పన్నెండేళ్ళ చిక్కు అసలు పొంచి ఉన్నది ఎవరూ తిరిగి చూడని ఖాళీ ఇంటికి, కంచె లేని ఖాళీ స్థలానికి. పక్కింటాయన మెల్లగా గోడ జరుపుతాడు. ఎవరో వెనకవైపు షెడ్డు వేస్తారు. ఓనరు అమెరికాలో, తాళం చెవి బీరువాలో. బాడుగకున్న మనిషి ఉంటే ఆ రోజే ఫోన్ చేసి చెప్పేవాడు.

ఖాళీ చేయించడం కష్టమన్నది మాత్రం నిజం. కోర్టుకెళ్తే ఏళ్ళు పట్టొచ్చు. దానికి మందు తాళం కాదు, సరైన అగ్రిమెంటు. ఆ సంగతి కింద చెబుతాను.

తాళం అలాగే ఉంచితే

ఖర్చు లేని దారి ఇదే అనిపిస్తుంది. లెక్క వేయండి. అపార్ట్‌మెంట్ అయితే మెయింటెనెన్స్, ఇంటిపన్ను, వాడినా వాడకపోయినా కరెంటు మీటరు మీద వచ్చే కనీస చార్జీలు. పైగా ఆదాయపు పన్నులో ఒక మెలిక ఉంది. సొంతానికి ఉంచుకున్న ఇళ్ళు రెండింటి వరకు పన్ను లెక్కలో సున్నా. మూడోది తాళం వేసి ఉన్నా బాడుగ వచ్చినట్టే లెక్కగట్టి పన్ను వేస్తారు. రాని బాడుగకు పన్ను కట్టే పరిస్థితి అన్నమాట.

డబ్బు కంటే పెద్ద నష్టం ఇంటికే. బాత్‌రూమ్ జాలీల కింద వంపులో నీళ్ళు నిలిచి ఉంటాయి, డ్రైనేజీ కంపును ఆపేది ఆ నీళ్ళే. మన ఎండలకు కొన్ని వారాల్లోనే అవి ఆవిరైపోతాయి. తర్వాత కంపు, దాని వెంట బొద్దింకలు. ఆరు నెలల తర్వాత తలుపు తీస్తే ముక్కు మూసుకునేది అందుకే. సంపులో నీళ్ళు పచ్చబడతాయి. మోటారు షాఫ్టు తుప్పుకు పట్టేస్తుంది. ద్వారబంధం మూలలో సన్నటి మట్టి గీత కనిపించిందంటే చెదలు అప్పటికే లోపలికి వెళ్ళాయని అర్థం. ఇక నవంబరు వానలు. మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాల్లోనే కదా. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు, మనుషులున్న ఇళ్ళలో బురద మర్నాడే ఎత్తిపోశారు. తాళం వేసిన ఇళ్ళలో అది గట్టిపడేదాకా అలాగే ఉంది.

ఏడాదిలోపు మీరే వచ్చి ఉండబోతున్నా, అమ్మకం బేరం నడుస్తున్నా తాళం వేసి ఉంచడం సమంజసమే. ఊళ్ళో ఒకరిని పెట్టి నెలకోసారి తలుపులు తీయించి, ప్రతి జాలీలో ఒక చెంబు నీళ్ళు పోయించి, మోటారు ఐదు నిమిషాలు ఆడించమనండి. "రిటైరయ్యాక వస్తాం" అనేవాళ్ళకు ఇంకా పదేళ్ళుంటే మాత్రం ఇది దారి కాదు.

ఫ్యామిలీకి బాడుగ

నన్నడిగితే పదిమందిలో ఏడుగురికి ఇదే సరిపోతుంది. తిరుపతిలో అడిగేవాళ్ళకు కొదవ లేదు. టీటీడీ ఉద్యోగులు, స్విమ్స్, రుయా ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, యూనివర్సిటీ స్టాఫ్, ట్రాన్స్‌ఫర్ మీద వచ్చే బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు. కరకంబాడి, రేణిగుంట వైపు ఫ్యాక్టరీలకు వెళ్ళేవాళ్ళు ఆ దారిలోనే వెతుక్కుంటారు. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ వచ్చాక అటు రాకపోకలున్నవాళ్ళూ పెరిగారు.

బాడుగ తక్కువన్న ఫిర్యాదు నిజమే. ఫ్లాటు ధరతో పోల్చి శాతం తీస్తే బ్యాంకు వడ్డీలో సగం కూడా రాదు. కానీ మీరు పోల్చాల్సింది బ్యాంకు వడ్డీతో కాదు. ఫ్లాటు ఎలాగూ కొనేశారు, అమ్మే ఉద్దేశం లేదు. పోల్చాల్సింది తాళంతో. ఉదాహరణకు నెలకు 12,000 బాడుగ అనుకుందాం. ఏడాదికి 1,44,000. కట్టిన ఇంటిపన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం రిపేర్ల కింద ఖర్చు చేసినా చేయకపోయినా ఆదాయపు పన్నులో మినహాయింపు ఇస్తారు. పన్ను పడేది సుమారు లక్ష మీదే. తాళం వేస్తే ఏడాదికి చేతి నుంచి పోయేది ఒకవైపు, ఇది ఒకవైపు పెట్టి చూడండి.

ఓనరు విదేశాల్లో ఉంటే ఇక్కడొక చిక్కు. బాడుగ ఎంత చిన్నదైనా, కట్టేవాడు అందులోంచి 30 శాతానికి పైగా ముందే పన్ను (టీడీఎస్) కోసి ప్రభుత్వానికి జమ చేయాలి. చాలామందికి ఈ సంగతి తెలియదు, తెలిసినవాళ్ళు ఆ టెన్షన్ మాకెందుకని వేరే ఇల్లు చూసుకుంటారు. ఒక ఆడిటర్‌తో ముందే మాట్లాడి, ఆ పని మీ తరఫున చేసిపెట్టే ఏర్పాటు చేసుకుంటే మంచి ఫ్యామిలీ చేజారదు.

అగ్రిమెంటు సంగతి. అందరూ 11 నెలలకు రాసుకోవడానికి కారణం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఆ చట్టం అసలు రూపంలో ఏడాది దాటితేనే రిజిస్టర్ చేయించాలి, ఆంధ్రప్రదేశ్ సవరణ మాత్రం ఎంత కాలానికైనా చేయించాలంటోంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి 11 నెలల కాగితం, అది అయిపోయాక మళ్ళీ రాసుకోవడం మర్చిపోవడం, ఐదేళ్ళ తర్వాత చేతిలో ఏమీ లేకపోవడం. కొంచెం ఖర్చయినా రెండేళ్ళకు రిజిస్టర్ చేయించిన అగ్రిమెంటు మేలంటాను, మీరు దూరంగా ఉంటే మరీను. అందులో ఏటా పెంచే శాతం, ఖాళీ చేయడానికి ఇచ్చే నోటీసు గడువు, గడువు దాటి ఉంటే కట్టాల్సిన బాడుగ అంకెల్లో ఉండాలి. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇందుకు మంచి కొలమానం: ఇంటికి అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదు, గడువు దాటి ఉంటే మొదటి రెండు నెలలు రెట్టింపు బాడుగ, ఆ పైన నాలుగు రెట్లు. ఓనరు ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి. ఇది నమూనా మాత్రమే, రాష్ట్ర చట్టం ఏం చెబుతోందో లాయరుతో చూపించుకుని రాసుకోండి.

ఒక గది మనకుంచుకుని

దర్శనానికి వచ్చినప్పుడు దిగడానికి చోటు కావాలనేవాళ్ళు ఎందుకో ఈ దారి ఆలోచించరు. మూడు గదుల ఫ్లాటులో అటాచ్డ్ బాత్‌రూమ్ ఉన్న గది ఒకటి తాళం వేసుకుని, మిగతాది చిన్న ఫ్యామిలీకి ఇవ్వచ్చు. సొంత మిద్దె ఇల్లయితే ఇంకా సులువు. పైన ఒక గది మీకు, కింద పోర్షను బాడుగకు. బాడుగ కొంచెం తగ్గించుకోవాలి. మీరెప్పుడు రావచ్చో, ఏడాదికి ఎన్నిసార్లో, వంటింటి మాటేమిటో ముందే మాట్లాడుకోవాలి. ఫ్లాటులో ఒకే వాకిలి అయితే మొహమాటాలు తప్పవు, అత్తగారు మడి కట్టుకునే మనిషయితే అసలు కుదరదు. అయినా పైన మెట్లు విడిగా ఉన్న ఇళ్ళకు ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు. వచ్చినప్పుడు ఇల్లు ఊడ్చి ఉంటుంది, సంపులో నీళ్ళుంటాయి, తెల్లవారుజామున మూడింటికి అలిపిరికి బయల్దేరుతుంటే "కాఫీ తాగి వెళ్ళండి పెద్దమ్మా" అనే మనిషి కింద ఉంటుంది.

లీజు

మన వైపు లీజంటే నెల బాడుగ లేకుండా మొత్తంగా ఒక డబ్బు తీసుకుని, రెండు మూడేళ్ళ తర్వాత ఆ డబ్బు తిరిగి ఇచ్చేయడం. భోగ్యం అనేవాళ్ళూ ఉన్నారు. పది లక్షలు చేతికొస్తున్నాయనగానే కళ్ళు మెరుస్తాయి. ఆ పది లక్షలు బ్యాంకులో వేస్తే ఆరున్నర శాతం చొప్పున ఏడాదికి 65,000, అంటే నెలకు 5,400. అదే ఇంటికి 12,000 బాడుగ వచ్చేట్టయితే నెలనెలా ఆరు వేలకు పైగా పోగొట్టుకుంటున్నారు.

ఎప్పుడు లాభం? బయట రెండు రూపాయల వడ్డీకి అప్పుంటే. పది లక్షలకు నెలకు 20,000 వడ్డీ కడుతున్నవాడు లీజు డబ్బుతో ఆ అప్పు తీర్చేస్తే 12,000 బాడుగ పోయినా ఎనిమిది వేలు మిగిలినట్టే. తొమ్మిది శాతం హౌసింగ్ లోను ఉన్నవాడికి ఈ లెక్క కుదరదు. కూతురి పెళ్ళికి వాడేసుకుంటే అసలే కుదరదు, ఎందుకంటే గడువు రాగానే పది లక్షలు తిరిగివ్వాలి. అప్పుడు ఇంకొకరికి లీజుకిచ్చి పాతవాళ్ళకు కడతారు, అలా ఇల్లు ఎప్పటికీ విడిపించుకోలేరు. లీజుకు వచ్చేవాళ్ళకు ఒక మాట: తెల్ల స్టాంపు కాగితం మీద రాసుకున్నదాన్ని నమ్మి లక్షలు పోయొద్దు. రిజిస్టర్ చేయించుకోండి, ఇంటి మీద బ్యాంకు లోను ఉందేమో ముందు చూసుకోండి.

యాత్రికులకు రోజువారీ

కాగితం మీద అన్నిటికంటే బాగుండేది ఇదే. రోజుకు 1,500 చొప్పున నెలలో 20 రోజులు నిండితే 30,000, ఫ్యామిలీ బాడుగకు రెండున్నర రెట్లు. యాత్రికులు ఎప్పుడూ ఉండే ఊరు. అందుకే అడిగినవాళ్ళందరూ మొదట దీని గురించే అడుగుతారు.

ఆ 20 రోజులు ఎక్కడివో చూడండి. శని ఆదివారాలు, వేసవి సెలవులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి. మిగతా రోజుల్లో మీకు పోటీ శ్రీనివాసం, విష్ణు నివాసం, మాధవంలో టీటీడీ ఇచ్చే గదులు, బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలు. మీ ఫ్లాటుకు రావాలంటే ఆటో ఎక్కాలి. వచ్చేవాళ్ళు అర్ధరాత్రి రైలు దిగి వస్తారు, తెల్లవారుజామున కొండకు వెళ్తారు, మర్నాడు గుండ్లతో తిరిగొస్తారు. గుండుకు రాసుకున్న చందనం దిండు గలీబుల మీద పసుపు మరకై కూర్చుంటుంది, రెండు ఉతుకులకు గానీ వదలదు. తడి పంచెలు బాల్కనీ నిండా ఆరేస్తారు. ఐదుగురని చెప్పి తొమ్మిదిమంది దిగుతారు. వాళ్ళ తప్పేం లేదు, కుటుంబమంతా కలిసి చేసే యాత్ర అది. కానీ ప్రతిసారీ దుప్పట్లు మార్చాలి, గదులు కడగాలి, తాళం ఇవ్వడానికి రాత్రి రెండింటికి ఒక మనిషి లేవాలి. ఊళ్ళో లేని ఓనరు ఆ మనిషికి జీతమివ్వాలి, బుకింగ్ యాప్‌కు కమీషన్ ఇవ్వాలి. మిగిలేది చూస్తే ఫ్యామిలీ బాడుగకు కొంచెం అటూ ఇటూ.

అనుమతుల సంగతి వేరే ఉంది. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో ఒకటి నుంచి ఆరు గదుల దాకా ఇవ్వచ్చు గానీ ఓనరు కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలి. తాళం వేసిన ఫ్లాటు ఆ లెక్కలోకి రాదు. వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డులు రాసిపెట్టుకోవాలి, విదేశీయులు దిగితే 24 గంటల్లో వాళ్ళ వివరాలు ఇమిగ్రేషన్ అధికారులకు పంపాలి. వ్యాపారమన్నాక కరెంటు మీటరు ఇంటి కేటగిరీలో ఉంచుకోవడమూ కుదరదు. అన్నిటికీ మించి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఊరుకోదు, ఊరుకోకపోవడంలో న్యాయముంది. లిఫ్టులో రోజుకో కొత్త ముఖం కనిపిస్తుంటే పిల్లలున్నవాళ్ళకు భయం కాదా? రైల్వే స్టేషన్‌కు నడక దూరంలో సొంత ఇల్లుండి, అందులోనే మీరుంటూ పై పోర్షను ఇచ్చేట్టయితే చేయండి. బెంగళూరులో కూర్చుని ఫోన్ మీద నడుపుదామంటే వద్దు.

దీనికీ ఫ్యామిలీ బాడుగకూ మధ్య ఇంకొకటుంది, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. స్విమ్స్‌కో, బర్డ్‌కో వైద్యానికి కడప నుంచీ నెల్లూరు నుంచీ వచ్చి నెలో రెండు నెలలో ఉండాల్సిన కుటుంబాలు. మంచం, గ్యాసు స్టవ్వు, నాలుగు గిన్నెలున్న చిన్న ఇల్లు వాళ్ళకు దొరకడం కష్టం. బైరాగిపట్టెడ, భవానీనగర్, అలిపిరి రోడ్డు వైపు ఇల్లుండి, చూసుకునే మనిషి ఊళ్ళో ఉంటే ఇది ఆలోచించదగ్గదే.

హాస్టలుకు మొత్తంగా

యూనివర్సిటీలకు దగ్గర్లో పెద్ద ఇల్లుంటే హాస్టల్ నడిపేవాళ్ళు మొత్తంగా అడుగుతారు. బాడుగ ఎక్కువిస్తారు, టైముకు ఇస్తారు. హాల్లో ప్లైవుడ్ గోడలు లేస్తాయి, ఆరుగురికి కట్టిన సెప్టిక్ ట్యాంకు ముప్పైమందికి పనిచేయాలి. ఎంతమందిని పెట్టాలో, వెళ్ళేటప్పుడు ఇంటిని ఎలా అప్పజెప్పాలో, ఫైర్ సేఫ్టీ ఎవరి బాధ్యతో రాసుకుని పెద్ద అడ్వాన్సు పట్టుకుంటే సరే. పూజ గది ఏమవుతుందోనని బాధపడే ఇల్లయితే మానుకోండి.

అమ్మడం, డెవలప్‌మెంట్‌కివ్వడం

పిల్లలెవరూ తిరిగి రారని మనసుకు తెలిసిపోయినప్పుడు అమ్మడమే మంచిది, అది ఆ ఇంటికీ మంచిదే. రెండేళ్ళు దాటి ఉంచుకున్న ఇంటి మీద లాభానికి, 2024 జులై 23 నుంచి 12.5 శాతం పన్ను. ధరల పెరుగుదలను సర్దుబాటు చేసే పాత లెక్క లేదు. ఆ తేదీకి ముందే చేతికొచ్చిన ఇల్లయితే, ఇక్కడ ఉండేవాళ్ళు పాత 20 శాతం లెక్క కూడా వేసి ఏది తక్కువైతే అది కట్టొచ్చు. విదేశాల్లో ఉన్నవాళ్ళకు ఆ వెసులుబాటు లేదు. తాతల నాటి ఇంటికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. రెండేళ్ళలో ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్ళలో కట్టుకున్నా మినహాయింపుంది.

పాత ఊళ్ళో శిథిలమైన ఇళ్ళను బిల్డర్‌కిచ్చి చెరి సగం ఫ్లాట్లు తీసుకుందామనే ఆలోచన మామూలే. 500 చదరపు మీటర్లలోపు స్థలమైనా, ఎనిమిదికి మించని ఫ్లాట్లయినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సందుల్లోని మన స్థలాలు చాలావరకు ఆ లోపలే. అంటే పని మధ్యలో ఆగితే రెరా అండ ఉంటుందని అనుకోవద్దు. కాగితం మీరే గట్టిగా రాయించుకోవాలి. ఇంకో మాట, ఒక ఖాళీ ఇంటిని పడగొట్టి పది ఫ్లాట్లు కడితే అందులో నాలుగు మళ్ళీ దర్శనం ఫ్లాట్లే అవుతున్నాయి.

చిత్తూరులో ఉన్నవాళ్ళకు పై లెక్కలన్నీ అలాగే వర్తించవు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయ్యాక చిత్తూరుకు ఆఫీసు పనుల మీద వచ్చిపోయేవాళ్ళు తగ్గారు. కాణిపాకం భక్తులు రాత్రికి చిత్తూరులో దిగేది తక్కువ, కాబట్టి రోజువారీ ఆలోచన వదిలేయండి. కొంగారెడ్డిపల్లె, గ్రీమ్స్‌పేట లాంటి చోట్ల ఫ్యామిలీ బాడుగ ఒక్కటే నిలకడ.

వేరే దేశాల్లో ప్రభుత్వాలే దిగాయి. జపాన్‌లో 2023 లెక్కల ప్రకారం దాదాపు 90 లక్షల ఇళ్ళు ఖాళీ. కెనడాలోని వాంకూవర్ 2017 నుంచి ఖాళీ ఇళ్ళ మీద ప్రత్యేకంగా పన్ను వేస్తోంది. ఐర్లాండ్ పన్నుతో పాటు ఇంకో దారి కూడా పట్టింది, ఖాళీ ఇంటిని బాగు చేసుకుంటే 50,000 యూరోల దాకా, శిథిలమైనదైతే 70,000 దాకా సాయమిస్తోంది. నాకు ఐర్లాండ్ ఇచ్చే సాయం పద్ధతే నచ్చింది. మన దగ్గర పన్ను వేస్తే రాత్రికి రాత్రి ప్రతి తాళం ఇంట్లోనూ ఒక మేనమామ కాపురం ఉంటున్నట్టు కాగితాలు పుడతాయి!

తలుపు తెరిచాక

బాడుగకు ఇవ్వాలనుకున్నాక, పెయింటు దగ్గర మొదలుపెట్టొద్దు. ముందు మోటారు. నేరుగా స్విచ్ వేస్తే కాలిపోతుంది. కరెంటు తీసేసి, వెనక ఫ్యాను మూత విప్పి చేత్తో తిప్పి చూడండి, తిరిగితేనే స్విచ్. సంపు పూర్తిగా ఖాళీ చేసి బ్లీచింగ్‌తో కడిగించాలి. ఫ్లష్ ట్యాంకుల్లో రబ్బరు వాషర్లు ఎండి పగిలి ఉంటాయి, చవకే, అన్నీ మార్పించేయండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పాత వైరింగ్ చూపించి, షాక్ కొట్టకుండా ఆపే ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి. చెదలకు మందు కొట్టించింది ద్వారబంధాలకు మాత్రమే కాకుండా గోడ వారన నేలకు కూడా అయి ఉండాలి. మిద్దె మీద నీళ్ళు కట్టి ఒక రాత్రి ఉంచితే ఎక్కడ కారుతుందో తెల్లారేసరికి తెలుస్తుంది. పెయింటు ఆ తర్వాత, అది కూడా తెల్ల సున్నం చాలు, వచ్చేవాళ్ళు ఎలాగూ మేకులు కొడతారు.

పెండింగ్ ఇంటిపన్ను చూసుకోండి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లో కడితే ఐదు శాతం తగ్గుతుంది. పనులు కూడా ఏప్రిల్ లోపు అయ్యేలా పెట్టుకుంటే మంచిది, ఎందుకంటే తిరుపతిలో ఫ్యామిలీలు ఇళ్ళు మారేది మే నెలలో, బళ్ళు తెరిచే లోపే. జులైలో టు-లెట్ బోర్డు పెడితే వచ్చేది ఎక్కువగా బ్రోకర్లే. ఫోన్ నంబరు మీది కాకుండా ఊళ్ళో ఉన్న మనిషిది రాయండి, ఇల్లు చూపించమని అడిగినప్పుడు పది నిమిషాల్లో తాళం తీయగలిగినవాళ్ళది.